బేతాళుడు మనల్ని అడిగితే...

వంటిల్లు సర్దుకుని మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వేళ చేతిలోకి ఏ కథ తీసుకుంటామన్నది ఎవరిష్టం వాళ్లది. కొందరికి సంసారపు కథలు కావాలి, కొందరికి సస్పెన్స్ కావాలి. నాకు మాత్రం చిన్న కథే కావాలి. అందులో ఒక రాజు, ఒక మాయ, వీలైతే ఒక దేవత ఉండాలి. "ఈ వయసులో ఇంకా ఈ చందమామ కథలేంది వదినా!" అని మా ఆడపడుచు నవ్వుతుంది. నాకిప్పుడు నలభై ఆరేళ్లు. ఇంటర్ దాకా చదివాను. పుట్టిందీ మెట్టిందీ అనంతపురం సీమలోనే. ఈ కథలంటే నాకెందుకింత ఇష్టమో నాలాంటి ఇల్లాళ్లతో చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

మొదటి సంగతి, ఇవి మన పనిలో ఇమిడిపోతాయి. కుక్కరు మూడు కూతలు వేసేలోపు ఒక కథ పూర్తవుతుంది. మా జేజి కూడా కథలకి వేరే తీరిక చూసుకునేది కాదు. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లమంతా వసారాలో కూర్చుంటే, చేట నిండేలోపు ఒక కథ అయిపోవాల్సిందే. వేళ్లు నొప్పెడుతున్నాయని ఎవరూ అనేవాళ్లు కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడితో కాశీకి బయల్దేరిన గొల్లపిల్లవాడు కూడా మజిలీకొక కథ చెప్తేనే వస్తానంటాడు. కాళ్ల నొప్పులకి కథే మందన్నమాట! ఎంత తెలివైన పిల్లాడో చూడండి.

రెండో సంగతి బేతాళుడు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. అది ఆగిపోయి పదేళ్లు దాటింది. నా చిన్నప్పుడు మా వీధికంతా ఒకే ప్రతి వచ్చేది. చేతులు మారి మా ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. అయినా శంకర్ గారి బొమ్మ, అదే, శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు కనబడగానే ప్రాణం లేచొచ్చేది. పాత సంస్కృత పుస్తకంలో బేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయాక చందమామ వాళ్లు ఆ పద్ధతిని మాత్రం ఉంచుకుని, కొత్త కొత్త కథలు అల్లి దశాబ్దాలపాటు నడిపారు.

ఆ పద్ధతిలో ఉన్న రుచి నాకు పెళ్లయ్యాకే బాగా తెలిసింది. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు. వీళ్లలో ఎవరు గొప్ప, తప్పెవరిది అని అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. ఇంట్లో మనల్ని అన్నం పెట్టమనేవాళ్లున్నారు, చొక్కా గుండీ కుట్టమనేవాళ్లున్నారు. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగేవాళ్లెంతమంది? ఆ శవంలోని బేతాళుడు అడుగుతాడు. రాజు నోరు తెరిచేలోపే మనం మనసులో తీర్పు చెప్పేస్తాం. ఆ కాసేపు సింహాసనం మీద కూర్చున్నది మనమే కదా!

ఇక మూడో సంగతి. ఈ కథలు ఎక్కడో కాదు, మా ఊళ్ల రాళ్లలోనే ఉన్నాయి. దేశంలో అతి తక్కువ వాన కురిసే చోట్లలో మాదొకటి. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వాన రాకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించడం మన పెద్దల అలవాటు. కథ చదివితే మేఘం కరుగుతుందన్న నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా, కథకి అంత విలువిచ్చిన జనం మనవాళ్లు.

లేపాక్షి చూడండి. రావణుడు రెక్క నరికితే జటాయువు పడింది ఇక్కడేనని, రాముడు "లే, పక్షీ" అన్నాడని ఊరి పేరుకి కథ చెప్తారు. అది పురాణం. అచ్యుతదేవరాయల కాలంలో, 1500ల్లో, విరూపన్న గుడి కట్టించాడు. అది చరిత్ర. రాజు సొమ్ము అడక్కుండా ఖర్చు పెట్టాడన్న నింద వస్తే విరూపన్న తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడంటారు. ఇప్పటికీ గోడ మీద రెండు ఎర్ర మరకలు చూపిస్తారు. అది చరిత్రా, కల్పనా? సగంలో ఆగిపోయిన కల్యాణ మంటపం మాత్రం కళ్లెదుటే ఉంది. ఒక్క గుడిలో మూడూ కలిసిపోయాయి. ఉగ్గానిలో బొరుగులేవి, పప్పులపొడి ఏది అని ఏరుకు తింటామా? ఇదీ అంతే.

కానీ మా సీమ కథలన్నిటిలోకీ నన్ను వదలనిది ముసలమ్మ కథ. పేరు చూసి ముసలావిడ అనుకునేరు. వయసులో ఉన్న కోడలు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్క ఒడయారు పండమేటికి అడ్డంగా చెరువు కట్టించాడని చరిత్ర. రాజు పేరు మీదే బుక్కరాయసముద్రం. ఒక ఏడు పెద్ద వానకి కట్ట తెగబోయిందట. ఊరంతా మునిగేట్టుంది. బసిరెడ్డి ఇంటి చిన్నకోడలు ముసలమ్మని బలిస్తే కట్ట నిలుస్తుందని దేవత మాట వినిపించిందట. ఆ పిల్ల పసుపు కుంకాలు పెట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. బ్రౌన్ దొర 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. దాన్ని తీసుకునే కట్టమంచి రామలింగారెడ్డి గారు మద్రాసులో విద్యార్థిగా ఉన్నప్పుడే "ముసలమ్మ మరణము" కావ్యం రాశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది ఆయనే. ముసలమ్మ కట్ట అంటే ఇక్కడ ఇప్పటికీ అందరికీ తెలుసు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కూడా ఇలాంటిదే. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మాను, సహగమనం చేసిన తిమ్మమ్మ చితి గుంజ చిగురిస్తే పుట్టిందంటారు. ఆలోచిస్తే మా కథల్లో ఆడవాళ్లు ఊరికే బతికి ఉండటం తక్కువే.

మా ఇంటి సంగతి చెప్తాను. మాకు ఆరెకరాల మెట్ట. మా ఆయన మంచి సేద్యగాడు, కానీ భూమి కింద నీళ్లు లేనప్పుడు మంచితనం ఏం చేస్తుంది? పదిహేనేళ్లలో ఎనిమిది బోర్లు వేశారు. రెండింట్లోనే నీళ్లు పడ్డాయి, అవీ ఎండిపోయాయి. బోరు వేసిన ప్రతిసారీ నా ఒంటి మీది ఒక నగ తాకట్టు కొట్టుకి నడిచింది. ముందు గాజులు, తర్వాత కమ్మలు, తర్వాత మా అమ్మ పెట్టిన నెక్లెసు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అడిగారు, ఇచ్చాను. ముసలమ్మ కూడా అలాగే నవ్వుతూ వెళ్లిందనే కదా కథ!

ఒకరోజు కరెంటు పోతే మా చిన్నమ్మాయికి ఈ కథ చెప్పాను. డిగ్రీ చదువుతోంది. చివర్లో నేనే బేతాళుడిలా అడిగాను. "ప్రాణమిచ్చిన ముసలమ్మ గొప్పదా, కోడల్ని పంపి గుండె రాయి చేసుకున్న అత్తమామలు గొప్పవాళ్లా, ఊరికోసం ఓర్చుకున్న మొగుడు గొప్పవాడా?" అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అది సరేమా, కట్ట తెగేదాకా ఊరోళ్లంతా ఏం చేస్తాండ్రి? వానాకాలం రాకముందే మరువ బాగుచేసుకోవద్దా?" అంది.

నేను నిర్ఘాంతపోయాను. అంతకాలంగా ఆ కథ వింటున్నా, చెప్తున్నా, ఆ ప్రశ్న ఎవరి నోటా రాగా వినలేదు. కట్టలు నిలబడేది మట్టితో, రాళ్లతో, ఏటేటా చేసుకునే మరమ్మతుతో. అవి చెయ్యకపోతేనే కోడలు కావాల్సొస్తుంది.

ఆ మరుసటి వేసవిలో మా ఆయన తొమ్మిదో బోరు మాటెత్తారు. నా ఒంటి మీద మిగిలింది పుస్తెలతాడు, ఒక సన్నటి గొలుసు. "గొలుసు ఇయ్యనండీ. ముందు మన చేను మీద పడే వాన ఎక్కడికి పోతాందో చూద్దాం" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే చేనికి వెళ్లి వాలు చూసొచ్చారు. ఉపాధి హామీ పనిలో సేద్యపుకుంట తవ్వించుకున్నాం. దాంతో మా కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పను. వాన పడ్డ ఏడు నిండుతుంది, పడకపోతే పిల్లలు అందులో గోలీలాడుకుంటారు. కానీ గొలుసు నా మెళ్లోనే ఉంది.

అందుకే ఈ మాయల కథల్ని పిల్లల కథలని కొట్టిపారేయకండి. మన ఇంటి మాట మన ఇంట్లో ఎత్తితే గొడవ. ఆరువందల ఏళ్ల కిందటి చెరువు కట్ట మీద నిలబడి ఎత్తితే అందరూ వింటారు. మీ ఊళ్లోనూ ఒక ముసలమ్మ, ఒక తిమ్మమ్మ ఉండే ఉంటారు. ఆ కథ మీ అమ్మాయికి చెప్పండి, కోడలికీ చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, చివర్లో ఒక ప్రశ్న అడిగి చూడండి.