అమ్మమ్మ క్యాసెట్టు - 50 హెర్ట్జ్ రొద

మా అమ్మమ్మ పాడిన జోలపాట ప్రపంచం మొత్తమ్మీద ఒకే ఒక్క చోట ఉంది. 1992లో మావయ్య టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసిన అరవై నిమిషాల క్యాసెట్టులో, రెండోవైపు చివర, ఓ నాలుగు నిమిషాలు. పుస్తకాల్లో దొరికే పాట కాదది. మనవలందరి పేర్లూ పెట్టి అప్పటికప్పుడు కట్టి పాడేసేది. ఆవిడ 2008లో పోయింది. ప్రొడక్షన్ డేటాబేస్‌కి బ్యాకప్ లేదని జూనియర్ల మీద ఎగిరే నేను, ఈ క్యాసెట్టుని మాత్రం ముప్ఫయ్యేళ్ళు బీరువాలో పడేసి ఉంచాను. ఏం చెప్పమంటారు!

మొన్న మా చెల్లికి పాప పుట్టింది. బారసాలకి అమ్మమ్మ గొంతు కింద తంబూరా, కాస్త కీబోర్డు పెట్టి రెండు నిమిషాల ట్రాక్ చేద్దామనిపించింది. ఇంట్లో ఓ చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, కీబోర్డు, హెడ్‌ఫోన్లు ఉన్నాయి. శని, ఆదివారాల్లో అయిపోయే పనే కదా అనుకున్నా. మన ఎస్టిమేట్ల సంగతి మీకు తెలిసిందే.

ఆత్రం కొద్దీ మొదటి రాత్రే టేప్ డెక్ హెడ్‌ఫోన్ సాకెట్లోంచి వైరు తీసి ల్యాప్‌టాప్ మైక్ సాకెట్లో గుచ్చాను. అక్కడే కొంప మునిగింది. మైక్ సాకెట్ ఎదురుచూసేది మిల్లీవోల్టుల్లో ఉండే సిగ్నల్ కోసం. హెడ్‌ఫోన్‌లోంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. 16 బిట్లంటే 65,536 మెట్లు, అంతకు పైకి ఎక్కడానికి చోటుండదు. అల కొసలన్నీ కత్తితో కోసినట్టు చదునైపోయాయి, గొంతెత్తిన చోటల్లా బరబరమంటోంది. వాల్యూం తరవాత తగ్గించినా పోయిన కొసలు తిరిగిరావు. డిలీట్ చేద్దామనుకుని, ఎందుకో బద్ధకించి వదిలేశాను.

మర్నాడు బుద్ధిగా లైన్-అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి కలిపాను. ఈసారి గుయ్‌య్‌మని ఒకటే రొద. వైర్లు మార్చాను, ప్లగ్గులు మార్చాను. చివరికి ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే టక్కున తగ్గింది. డెక్ ఒక ప్లగ్గులో, మూడు పిన్నుల చార్జర్ ఇంకో ప్లగ్గులో ఉంటే ఎర్త్ వైర్లూ ఆడియో వైరూ కలిసి ఒక చుట్టు తయారవుతుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఆ దారిలో పాటలోకి వచ్చేస్తుంది. కొంతమంది ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు, ఆ పని మాత్రం చెయ్యకండి, షాక్ కొడుతుంది. బ్యాటరీ మీద నడపండి, లేదా అన్నీ ఒకే స్పైక్ బస్టర్లో పెట్టండి. లెవెల్ కూడా 24 బిట్లలో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టాను. 24 బిట్లున్నప్పుడు సున్నా దాకా నెట్టాల్సిన అవసరమే లేదు.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా పాట మొదటి చరణంలో డెక్కు టేపుని నమిలేసింది.

ఆ రెండు నిమిషాలూ నా మొహం చూడాల్సింది. రోలర్‌కి చుట్టుకున్న టేపుని మెల్లగా తీసి, నలిగిపోయిన ముక్కని బ్లేడుతో కోసి, స్ప్లైసింగ్ టేపుతో అతికించి (మామూలు సెల్లోటేపు వాడితే జిగురు కారుతుంది), పెన్సిలుతో చుట్టాను. పోయింది ఐదు సెంటీమీటర్లు. క్యాసెట్టు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే ఒక్క సెకను. సరిగ్గా ఆ సెకనులోనే మా చెల్లి పేరు ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, రాత్రి చెడగొట్టిన ఫైలు! బరబరమంటున్నా పేరైతే ఉంది. ఆ ముక్క కోసి, వాల్యూం తగ్గించి, డీ-క్లిప్ చేసి, రెండువైపులా పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్‌తో అతికించాను.

పాటకి ముందు ఉయ్యాల గొలుసు కిర్రుమన్న చప్పుడుంది. దాన్ని శాంపిల్ చేసి లూప్‌గా తిప్పితే చుట్టు చుట్టుకీ టిక్కుమంటోంది. కోసిన చోట అల సున్నా మీద లేకపోతే అంతే. కోత సున్నా దగ్గరకి జరిపితే పోయింది. టేపు బుస తగ్గించబోయి మొదట అత్యాశకి పోయాను, అమ్మమ్మ నీళ్ళబిందెలో తలపెట్టి పాడినట్టొచ్చింది. ఆరు డెసిబెల్స్ దగ్గర ఆపేశాను. బుస ఉంటే ఉండనీ.

అమ్మకి వినిపించాను. "ఒరేయ్, ఇది మా అమ్మ కాదు, ఎవరో చిన్నపిల్ల" అంది. ఛాదస్తం అనుకున్నా గానీ, చూస్తే ప్రాజెక్టు 44,100లో, ఇంటర్‌ఫేస్ 48,000లో ఉన్నాయి. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకెక్కింది. సరిచేశాను. "ఇంకా పల్చగానే ఉందిరా" అంది.

ఈసారి తప్పు డెక్కు మోటారుది. అసలు వేగం ఎంతో తెలిసేదెలా? 1992లో ఆ టూ-ఇన్-వన్ కరెంటు మీద నడిచింది కాబట్టి టేపులోనే సన్నగా రొద ఉంది. స్పెక్ట్రమ్‌లో చూస్తే 51.5 దగ్గర గీత. 50 ఉండాల్సింది, అంటే మూడు శాతం ఎక్కువ. రెండ్రోజులు తిట్టుకున్న రొదే కొలబద్ద అయింది! కాకపోతే ఆ రోజుల్లో మన గ్రిడ్డు 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, అందుకని పూర్తిగా నమ్మలేం. మూడు శాతం తగ్గించి మళ్ళీ వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు. ఇంకోసారి పెట్టమంది.

బారసాలలో అందరూ విన్నారు. పాప నిద్రపోయింది. చెల్లి మాత్రం పక్కకి పిలిచి, "అన్నయ్యా, అందరి పేర్లూ బాగానే ఉన్నాయి, నా పేరు దగ్గరే అమ్మమ్మ గొంతు పగిలిందేంటి?" అంది.

ఆ రోజు ఆవిడకి జలుబు చేసిందని చెప్పాను.