పహాణీలో మా ముత్తాత

మేం దున్నుతున్న ఐదెకరాలు కాగితంలో ఇంకా తాత పేరిటే ఉన్నాయి. తాత పోయి ఇరవై ఏళ్లు దాటింది. విరాసత్ కోసం నాయిన దరఖాస్తు పెడితే, "ఈ పట్టాదారు మీ నాయినే అని రుజువేది?" అని అడిగారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి ఆ రుజువు వెతికే పని నా మీద పడింది.

మొదట దొరికింది 1954-55 ఖాస్రా పహాణీ నకలు. ఉర్దూలో ఉంది. మా గూడెంలో చదివేవాళ్లు లేరు. ఉట్నూరులో ఒక పెద్దమనిషి చాయ్ తాగుతూ చదివిపెట్టాడు. అందులో పట్టాదారు మా ముత్తాత! కానీ ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. మా ఇంటిపేరు తెలిసినవాడికే అది తొడసం. తెలియనివాడు తడసం అనొచ్చు, తిడసం అనొచ్చు. తర్వాత తెలుగులోకి ఎక్కించినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. తాత దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరే పోయి 'గోండు' మిగిలింది.

నాయిన బడి రిజిస్టరులో ఇంకో తమాషా. మేం 'ఉ'తో ముగించి పిలిచే తాత పేరుకు అక్కడ 'అయ్య' తగిలించారు. నాయిన పుట్టిన తేదీ జూన్ 1. ఆ పేజీలో సగం మంది పిల్లలు జూన్ 1నే పుట్టారు. (పంతుళ్లు నవ్వుకునే ముందు మీ బడి పాత రిజిస్టరు ఒకసారి తీసి చూడండి.)

ఊరి పేరుతోనూ చిక్కే. మన గూడేలకు పటేల్ పేరే ఊరి పేరవుతుంది. గూడెం కదిలినా, పటేల్ మారినా పేరు మారిపోతుంది. పాత శిస్తు రశీదు మీదున్న గూడెం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.

పర్ధాన్‌ను అడిగాను. ఆయన కీక్రి మీద పాడేది సగల పుట్టుక, పెన్‌ల కథ. మా ముత్తాత అందులో లేడు. పాటకూ పహాణీకీ నడుమ ఖాళీ ఉంది. దాన్ని పూడ్చింది నాయిన మేనత్త, ఎనభై అయిదు దాటిన ముసలవ్వ. జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన ఏడు తాను తల్లి చంకన ఉందట. అంటే 1940. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది, ఆ దశాబ్దంలోనే గోండులకు పట్టాలిచ్చింది. మా ఐదెకరాలు అప్పటివే. "అమీన్ గొలుసు పట్టి కొలుస్తుంటే మా అన్న వెనకే ఉరికిండు" అంది అవ్వ. ఆ అన్న మా తాత.

అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది వంశవృక్షాన్నీ, రాతలో పెట్టిన పెద్దల మాటనూ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. మాది పట్టా భూమి, ఆ నియమం దీనికి వర్తించదు. అయినా పద్ధతి బాగుందనిపించి అట్లాగే చేశాను. అవ్వ చెప్పింది రాసి, ఊరి పెద్దల ముందు చదివి, వేలిముద్రలు వేయించి, పహాణీ నకలుతో కలిపి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు.

వంశవృక్షం చదివి వినిపించినప్పుడు అవ్వ ఊరుకోలేదు. "మా అవ్వ పేరేది?" అంది. నిజమే, పహాణీలో గానీ రశీదులో గానీ ఒక్క ఆడమనిషి పేరు కనబడలేదు. నేనూ అట్లాగే రాసుకుపోయాను. ముత్తాత పక్కన చోటు చాలక, ముత్తవ్వ పేరు అంచున నిలువుగా రాశాను.