మడతలో దాగిన పోగు

శనివారం మధ్యాహ్నం బెంగళూరులో రైలెక్కిన ఆమెకు హిందూపురం దాటిన సంగతే తెలియలేదు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పద్నాలుగు మంది ఉన్న టెస్టింగ్ టీమ్‌కు ఆమె మేనేజరు. పుట్టిల్లు ధర్మవరం. నాన్న పట్టుచీరలు నేస్తాడు.

ముందురోజు జరిగిందే మనసులో తిరుగుతోంది. వాళ్లు పరీక్షించి పంపిన ప్రోగ్రామ్‌లో పెద్ద లోపం బయటపడింది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు డబ్బు కట్టే బటన్‌ను రెండోసారి నొక్కితే, ఖాతాలోంచి సొమ్ము రెండుసార్లు పోతోంది. కనిపెట్టింది టీమ్ కాదు, డబ్బు పోగొట్టుకున్నవాళ్లు!

అంతకంటే బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. ఏడాది కిందట టీమ్‌లో చేరిన కుర్రాడు దాన్ని రెండు వారాల ముందే చూశాడు. చెప్పలేదు. ఎందుకని అడిగితే తల దించుకున్నాడు.

‘‘ఒక్కసారే వచ్చింది మేడమ్. మళ్లీ చేస్తే రాలేదు. రాసి పంపితే డెవలపర్లు ‘ఇది లోపమే కాదు’ అని కొట్టేస్తారు. అలాంటివి నాలుగైతే నా మార్కులు పోతాయి కదా!’’

ఆ మార్కుల పట్టిక పెట్టింది ఆమే. ఎవరు ఎన్ని లోపాలు పట్టారు, అందులో ఎన్నింటిని కొట్టేశారు, ఏ డెవలపర్ పేరిట ఎన్ని ఉన్నాయి... ప్రతి శుక్రవారం అందరికీ మెయిల్ వెళ్లేది. పోటీ పెరుగుతుందనుకుంది. పెరిగింది కూడా. అక్షరదోషాలు, రంగుల తేడాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. డెవలపర్లు తప్పు తమ మీదికి రాకుండా వాదించడం నేర్చుకున్నారు. అనుమానం ఉన్నవాటిని మాత్రం ఎవరూ రాయలేదు.

ఇంటికి చేరేసరికి నాన్న మగ్గం మీంచి కోసిన చీరను మడతపెడుతున్నాడు. సోమవారం షావుకారుకు ఇవ్వాలి. ఒకచోట పడుగు పోగు తెగి, సన్నటి గీత పడింది. ఆ గీత మెల్లగా లోపలి మడతలోకి వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజెందుకో కొత్తగా కనిపించింది.

‘‘చూపించి ఇవ్వకూడదా నాయనా?’’

‘‘చూపిస్తే కూలి కోస్తారు పాపా. దాస్తే... ఆయప్ప కనుక్కుంటేనే కదా కోసేది!’’

కాసేపాగి తనే అన్నాడు. ‘‘తెగిన వెంటనే చూసుంటే ముడేసేటోణ్ని. నిమిషం పని. మూరెడు నేసినాక కనపడె. ఇంగ విప్పేకి అయితాదా?’’

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. నాన్న అబద్ధాలాడే మనిషి కాదు. నిజం చెబితే కూలి పోయే చోట, మడత వేయడం తప్ప ఆయనకు మరో దారి లేదు. మరి ఆఫీసులో ఆ కుర్రాడు చేసిందేమిటి? వాడి చేత ఆ మడత వేయించిందెవరు?

ఆదివారం సాయంత్రం తిరుగు రైలు. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ కుర్రాళ్లు కొందరు ఎక్కారు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా సంస్థ కట్టిన ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. మొదట్లో ఏటా 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం దానిది. వాళ్లను చూడగానే, శిక్షణ తరగతుల్లో విన్న జపాన్ టొయోటా పద్ధతి ఆమెకు గుర్తొచ్చింది. అక్కడ లైనులో పనిచేసే ఎవరికి తేడా కనిపించినా పైనున్న తాడు లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ వస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే లైనే ఆగుతుంది. తాడు లాగినవాణ్ని తిట్టరు. తిడితే మర్నాటి నుంచి ఎవరూ దాని మీద చెయ్యి వేయరు!

తర్వాత హిందూపురం వచ్చింది. ఇక్కడి పట్టుగూళ్ల మార్కెట్ పేరున్నది. కొనేవాళ్లు గూళ్లను చేతిలోకి తీసుకుని, ఆడించి, నొక్కి చూస్తారు. మరకలు పడ్డవీ, రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్లూ పక్కకు పోతాయి. అక్కడ ఏరేస్తే పోయేది గుప్పెడు గూళ్లు. ఏరకపోతే దారం తీసేచోట పోగు తెగుతుంది. అక్కడా చూసుకోకపోతే మగ్గం మీద తెగుతుంది. చివరికి నష్టం నేతగాడి కూలిలో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ లెక్కా అంతే. లోపం ఎంత ముందు దొరికితే అంత చవక.

సోమవారం ఆమె టీమ్‌ను పిలిచింది. కుర్రాడి పేరెత్తలేదు. ‘‘తప్పు నా పట్టికలో ఉంది’’ అని మొదలుపెట్టింది. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియాన్-5 రాకెట్ ఎగిరిన నిమిషంలోపే పేలిపోయిన సంగతి చెప్పింది. పాత రాకెట్లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామ్‌నే కొత్తదాంట్లోనూ పెట్టారు. కొత్త రాకెట్ వేగానికి వచ్చిన ఓ అంకె అందులో పట్టలేదు. కొత్త ప్రయాణ లెక్కలతో ముందుగా పరీక్షించి ఉంటే నేలమీదే దొరికేది. ‘‘ఇప్పటిదాకా బాగానే ఉందిగా అనిపించినా అడగండి. ఒక్కసారే కనిపించినా రాయండి’’ అంది.

పట్టిక తీసేసింది. మళ్లీ రాని లోపాలకు విడిగా ఓ జాబితా పెట్టింది. వాటిని రోజూ అరగంట ఒక టెస్టరు, ఒక డెవలపరు పక్కపక్కన కూర్చుని చూడాలి. ప్రోగ్రామ్ రాయకముందు జరిగే సమావేశాలకూ టెస్టర్లు వెళ్లాలి. పట్టుగూళ్ల దగ్గరే ఏరడమన్నమాట.

మరుసటి నెల లోపాల సంఖ్య బాగా పెరిగింది. పై అధికారి కంగారుపడ్డాడు. ‘‘క్వాలిటీ పడిపోతోందా?’’

‘‘లోపాలు పెరగలేదు సార్. దాచడం తగ్గింది’’ అందామె.

ఈసారి ధర్మవరం వెళ్లినప్పుడు నాన్నకు ఇదంతా చెప్పింది. ఆయన మగ్గం గుంతలోంచే నవ్వాడు. తెగిన పోగును ముడేస్తూ అన్నాడు...

‘‘మీ ఆఫీసులో బాగుంది పాపా. మా షావుకారుకు ఎవరు చెప్పల్ల?’’