మా కుంట కట్ట

చింతామణి సీమలో ఏడాది పొడవునను పారు నది లేదు. ఏటి వాన 700 మిల్లీమీటర్లకు అటునిటు. అందుచేతనే మన పూర్వులు పల్లమున్న చోటనెల్ల కట్ట పోసి చెరువు నిలిపిరి. ఊరి చెరువులు ఊరివి; మాది మాత్రము సొంత పొలములోని చిన్న కుంట. మా తాతగారు బంకమన్ను తెప్పించి, పొరపొరగా తడిపి, ఎద్దులచే త్రొక్కించి ఆ కట్టను పోయించిరట. లోపలివైపు రాతిపరుపు, ఒక మూలను మరవ. (దానినే కన్నడమున కోడి యందురు, మా యింట రెండు మాటలును చెల్లును.)

కుంటలో మేము చేపలు పెంచలేదు. పైరునకు నీరును అంతగా వాడలేదు. అయినను బుడుబుంగలు, నీటికోళ్లు, కొంగలు తమంత తామే వచ్చినవి. వేసవిలో నీరు అడుగంటినపుడు తాబేళ్లు బురదలో దాగెడివి. తెల్లవారుజామున నెమళ్లు నీటికి దిగుటను మా పిల్లలు కట్టమీద కదలక కూర్చుండి చూచెడివారు.

2021వ సంవత్సరమున మాకు ఆశ పుట్టినది. మరికొంత నీరు నిలిచినచో వేసవిలోను పక్షులుండునని తలచి, మరవపై ఇసుక మూటలు రెండు వరుసలు పేర్చితిమి. మట్టికట్టకు మరవయే ప్రాణమని తెలియనివారము కాము. నీరు మరవమీదుగా పోవలసినదే గాని కట్టమీదుగా పోరాదు. పోయినచో మన్ను కరగును. ఆ నవంబరులో వానలు విడువక కురిసినవి. ఒక రాత్రి నీరు కట్ట నెక్కెను. తెల్లవారుసరికి రెండు బండ్లు పట్టునంత గండి. క్రింది పొలములో కోతకు వచ్చిన రాగి బురదపాలైనది. ఆ పొలము మాది కాదు.

ఆ రైతు మమ్ము దూషింపలేదు. "మూటలు పెట్టినదెవురన్నా?" అని మాత్ర మడిగెను. మేమే యని చెప్పుటకు మాకు కొంతసేపు పట్టినది.

పంట వెల చెల్లించితిమి. అందుకై పాడియావు నమ్మవలసి వచ్చినది. కుంట పూడ్చి మల్బరీ వేయుదమని మా తమ్ముడనెను. కాదనరాని మాటయే, పట్టుపురుగులతో మన సీమలో ఎన్ని కుటుంబములు బ్రదుకుచున్నవి! ప్లాస్టిక్ పరచిన గుంత త్రవ్వుకొనుడని మరియొకరు చెప్పిరి. 2014లో ఆరంభమైన కృషి భాగ్య పథకముతో అట్టివి మనవైపు అనేకము వచ్చినవి. పైరునకు మంచివే. కాని ఆ జారుడు గోడలలో పడిన కుందేలు పైకెక్కలేదు.

తుదకు గండి పూడ్చితిమి. మరవను మునుపటికంటె జానెడు దించితిమి. నీరు తక్కువ నిలుచును. బుడుబుంగలు రెండేండ్లు రాలేదు. తరువాత ఒక జత వచ్చినది. గట్టివాన పడిన రాత్రి క్రింది పొలము రైతు బ్యాటరీ దీపము పట్టుకొని మరవ చూచుకొనుటకు వచ్చును. మేమును పోదుము. కట్టమీదనే కూర్చుండి నీరు పారు చప్పుడు విందుము.