ఒంటరిగా... టోబా ఒడ్డుకి!

నంద్యాల జిల్లా బనగానపల్లె పరిసరాల్లో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేలను కాస్త లోతుగా తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్ల పైమాటే. అది ఏ ఇటుకబట్టీదో, కార్చిచ్చుదో కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట, ఇక్కడికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో ఓ అగ్నిపర్వతం పేలితే గాలిలో తేలుతూ వచ్చి రాయలసీమ మీద రాలిన బూడిద! ఆ పర్వతం ఇప్పుడు లేదు. అది కుంగిన చోట నీళ్లు నిండి సరస్సయింది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న ఆ సరస్సు పేరు టోబా.

ఇంటి దగ్గర బూడిద ఉంది... దాన్ని పంపిన పొయ్యి ఎలా ఉందో చూసిరావాలని ఎవరికైనా అనిపిస్తే? తోడు వచ్చేవాళ్లు లేకపోతే? చేతిలో ఉన్నది ఒక నెల జీతమంత డబ్బే అయితే? అయినా వెళ్లిరావచ్చు. కాకపోతే టికెట్టు కొనడానికి ముందే కాగితం, కలం పట్టుకుని కూర్చోవాలి.

దీవిలో దీవి... నీటిలో నీరు

టోబా పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30. లోతు కొన్నిచోట్ల 500 మీటర్లు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమధ్యరేఖకు అంత దగ్గరైనా పగలు ఎండ మాడ్చదు, రాత్రి స్వెట్టరు అడుగుతుంది.

నడిమధ్యలో సమోసిర్ అనే పెద్ద దీవి. పేలుడు తర్వాత కింద మిగిలిన శిలాద్రవం ఒత్తిడికి సరస్సు అడుగే మెల్లగా పైకి ఉబ్బి ఇలా నేలయిందంటారు శాస్త్రవేత్తలు. సుమత్రాయే ఓ దీవి. అందులో సరస్సు, సరస్సులో సమోసిర్, సమోసిర్ మీద మళ్లీ సిడిహోని అనే చిన్న సరస్సు! నిజానికి పడమటి వైపు సమోసిర్‌కు సన్నటి నేల ఆనుకుని ఉండేది. డచ్చివాళ్ల కాలంలో కాలువ తవ్వి విడదీశారు. ఇప్పుడు దానిమీద వంతెన ఉంది. 2020లో యునెస్కో ఈ ప్రాంతాన్ని గ్లోబల్ జియోపార్కుల జాబితాలో చేర్చింది.

లక్షల్లో లెక్క... భయం వద్దు!

ఇండోనేషియా రుపయా పేరు వినగానే గుండె గుభేలుమంటుంది. హోటల్ గది రెండు లక్షలు, భోజనం నలభైవేలు! కానీ మన రూపాయి సుమారు 185 రుపయాలతో సమానం. ఆ రెండు లక్షలంటే దాదాపు 1,100 రూపాయలే. చివరి మూడు సున్నాలు తీసేసి, మిగిలిన అంకెను ఐదున్నరతో హెచ్చవేస్తే మన లెక్క వచ్చేస్తుంది.

భారతీయులకు విమానాశ్రయంలో దిగాకే వీసా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకున్నా సరే. ముప్పై రోజులకు ఐదు లక్షల రుపయాలు. పాస్‌పోర్టుకు కనీసం ఆర్నెల్ల గడువు ఉండాలి, తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి. రాకముందే ఆన్‌లైన్‌లో ప్రయాణికుల వివరాల పత్రం నింపాలి. ఇలాంటి నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే వారంలో మరోసారి ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది.

టోబాకు దగ్గరి పెద్ద నగరం మెడాన్. హైదరాబాద్ లేదా చెన్నై నుంచి కౌలాలంపూర్, అక్కడినుంచి గంట ప్రయాణంతో మెడాన్ చేరడం చవకైన దారి. ఇక్కడో మెలిక ఉంది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే సామాను కౌలాలంపూర్‌లో దించుకుని మళ్లీ అప్పగించాలి. అంటే మలేషియాలోకి అడుగుపెట్టినట్టే. భారతీయులకు అక్కడ 2026 చివరిదాకా వీసా మినహాయింపు ఉన్నా, వాళ్లు అడిగే ఆన్‌లైన్ పత్రం నింపాల్సిందే. రెండు విమానాల మధ్య కనీసం నాలుగైదు గంటలు ఉంచుకోవాలి. వెయ్యి రూపాయలు మిగులుతాయని గంటన్నర తేడాతో కొంటే, మొదటి విమానం ఆలస్యమైన రోజు రెండో టికెట్టు డబ్బు గంగలో పోసినట్టే.

ఒక్కరికి వారానికి లెక్క వేస్తే... విమానాలకు 30,000, వీసాకు 2,700, ఆరు రాత్రుల గదికి 7,200, తిండికి 6,300, బస్సులు, పడవలు, ప్రవేశరుసుములకు 6,000, బీమా, సిమ్ కార్డుకు 2,500. మొత్తం 54,700. టికెట్టు కొనే సమయాన్ని బట్టి ఇది అటూఇటూ అవుతుంది. దీనికి మరో పదివేలు ముట్టుకోకూడని డబ్బుగా కలపాలి. ఇద్దరు వెళ్తే గది, కారు అద్దె చెరి సగం. ఒంటరివాడికి ఆ సౌకర్యం లేదు. జ్వరమొచ్చినా, పర్సు పోయినా ఆదుకోవాల్సింది ఆ పదివేలే!

దారిలో ఒక రాత్రి

మెడాన్‌లో మధ్యాహ్నం తర్వాత దిగితే ఆ రోజే సరస్సుకు పరుగెత్తకూడదు. అక్కణ్నుంచి సరస్సు ఒడ్డునున్న పరపట్ పట్టణానికి బస్సులో నాలుగైదు గంటలు. చేరేసరికి ఆఖరి పడవ వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ఆ రాత్రి మెడాన్‌లోనే ఉండిపోవాలి. పొగాకు తోటల్లో పనికి వచ్చిన తమిళుల వారసులు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. 1884 నాటి మారియమ్మన్ గుడి ఉంది. ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె దొరుకుతాయి. శాకాహారులు తృప్తిగా తినాల్సింది ఇక్కడే, ముందుముందు కాస్త ఇబ్బందే మరి! నగదు తీసుకోవాల్సింది కూడా ఇక్కడే. దీవిలో ఏటీఎంలు తక్కువ.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి పరపట్. అక్కడి రేవునుంచి ముప్పావు గంటలో సమోసిర్ మీది టుక్‌టుక్. చిన్న ద్వీపకల్పం, ఒడ్డు పొడవునా గెస్ట్‌హౌస్‌లు. దిగాల్సిన చోటు పేరు చెబితే పడవ ఆ గుమ్మం ముందే ఆగుతుంది.

ఆ పడవ ఎక్కేముందు...

2018 జూన్ 18. రంజాన్ పండగ సెలవులు. సమోసిర్‌లోని సిమనిండో రేవునుంచి అవతలి తిగరాస్‌కు బయల్దేరిన 'సినార్ బంగున్' అనే పడవ గాలివానలో మునిగిపోయింది. మోయగలిగినదానికన్నా ఎన్నోరెట్లు ఎక్కువమందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు చాలినన్ని లేవు. 160 మందికి పైగా గల్లంతయ్యారు. పడవ శిథిలం 450 మీటర్ల లోతున కనిపించినా పైకి తీయలేకపోయారు. చాలామంది ఇప్పటికీ ఆ నీళ్లలోనే ఉన్నారు. ఆ సరస్సు వాళ్ల సమాధి కూడా.

టోబాకు వెళ్లే ఎవరైనా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. పడవ కిక్కిరిసి ఉంటే వదిలేయాలి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో అడగాలి, నవ్వినా సరే వేసుకోవాలి. మధ్యాహ్నం దాటాక గాలి లేచే అవకాశం ఎక్కువ కాబట్టి పొద్దుటి పడవే మేలు. ఏ పడవ ఎక్కుతున్నదీ, ఎక్కడ దిగేదీ ఇంటికి ఒక్క మెసేజ్ పెట్టాలి. తోడుంటే పక్కవాళ్లు 'వద్దురా' అంటారు. ఒంటరిగా వెళ్లినప్పుడు ఆ మాట తనకు తానే చెప్పుకోవాలి.

కాలం ఎంచుకోవడమూ అందులో భాగమే. జూన్, జులైల్లో వానలు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. 2025 నవంబరు చివర్లో సుమత్రాను ముంచిన వరదలు, విరిగిపడిన కొండచరియలు వెయ్యికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ నెలల్లో టికెట్లు చవగ్గా దొరికితే ఎందుకు దొరుకుతున్నాయో ఆలోచించాలి.

'హోరాస్' అంటే చాలు

టుక్‌టుక్‌లో నాలుగు రాత్రులు హాయిగా గడుస్తాయి. ఇక్కడివాళ్లు బటక్ తెగవాళ్లు. ఎదురుపడితే 'హోరాస్' అంటారు. నమస్కారం, క్షేమం, శుభం అన్నీ అందులోనే. తిరిగి అదేమాట అంటే మొహం విప్పారుతుంది. ఎక్కువమంది క్రైస్తవులు. ఆదివారం పొద్దున చర్చి పాటలు నీళ్లమీదుగా వినిపిస్తాయి. ఆ పూట దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, అది చూసుకుని ప్రయాణం పెట్టుకోవాలి.

మొదటిరోజు నడిచో, సైకిలు మీదో దగ్గర్లోని తొమోక్, అంబరీతా చూడొచ్చు. తొమోక్‌లో సిడబుతార్ రాజుల రాతి సమాధులు, అంబరీతాలో ఒకప్పుడు పెద్దలు కూర్చుని నేరగాళ్లకు శిక్షలు వేసిన రాతి కుర్చీలు. రెండు కొనలు పైకి లేచిన కప్పుల చెక్క ఇళ్లలోకి వెళ్లాలంటే తల వంచాల్సిందే. గుమ్మాలు అంత పొట్టివి! రెండోరోజు పంగురురాన్ దాకా వెళ్తే కొండ కింద వేడినీటి ఊటలు. కింద నిప్పు ఇంకా పూర్తిగా చల్లారలేదన్నమాట. అద్దె స్కూటరు నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా డబ్బు రాకపోవచ్చు. మూడోరోజు ఏమీ పెట్టుకోకపోవడమే మంచిది. వాన పడితే ఆ రోజు అక్కరకొస్తుంది.

వింటూ ఉంటే తెలిసిన మాటలు తగులుతాయి. దేవుణ్ని 'దెబతా' అంటారు. మన దేవతే! వంశాన్ని 'మర్గ' అంటారు. ఒకే మర్గవాళ్లు పెళ్లి చేసుకోరు, మన గోత్రాల్లాగే. వాళ్ల పాత లిపీ మన తెలుగు లిపీ బ్రాహ్మి కడుపునే పుట్టాయి. సాయంత్రం 'లపో' అనే కొట్లలో తాటిజాతి చెట్టునుంచి తీసిన 'తువాక్' తాగుతూ గిటార్లతో పాడుకుంటారు. అది అచ్చంగా మన కల్లే. పసుపు, అండలిమన్ అనే నాలుక జివ్వుమనిపించే గింజలు వేసి వండిన చేప అర్సిక్ ఇక్కడి ప్రత్యేకం. మాంసం ముట్టనివాళ్లు 'సాయా తిడక్ మకాన్ దగింగ్' అన్న ఒక్క వాక్యం నేర్చుకుని, చేప వద్దని విడిగా చెప్పాలి. వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు! టెంపె, టోఫు, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు టుక్‌టుక్ కొత్తేమీ కాదు, ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. అయినా చీకటి పడకముందే గది చేరేలా చూసుకోవడం, మొదటి రాత్రికి గది ముందే ఖాయం చేసుకోవడం ఎక్కడైనా పనికొచ్చే జాగ్రత్తలే.

బూడిద చెప్పిన మాట

టోబా పేలుడుతో అప్పటి మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని చాలాకాలం కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. 2007లో జ్వాలాపురం తవ్వకాల వివరాలు వెలువడ్డాయి. బూడిద పొరకు కింద రాతి పనిముట్లు దొరికాయి. పైనా దొరికాయి. రెండూ దాదాపు ఒకేలాంటివి! ఆకాశం నుంచి బూడిద కురిసినా ఇక్కడి మనుషులు నిలదొక్కుకున్నారనడానికి అది సాక్ష్యమన్నారు పరిశోధకులు.

టుక్‌టుక్ ఒడ్డున పొద్దున్నే కూర్చుంటే నీళ్లు కదలవు. అవతలి గట్టు, నిట్టనిలువు కొండలు, వాటి మధ్య పొగమంచు... అదంతా ఒకప్పటి అగ్నిబిలం అంచు. తిరిగొచ్చాక ఓ ఆదివారం బనగానపల్లె బస్సెక్కి జ్వాలాపురం కూడా వెళ్తే యాత్ర పూర్తయినట్టు. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. కానీ ఆ తెల్లటి పొరను చూసి రావాలే తప్ప తవ్వి తేకూడదు. అది మళ్లీ పడేది కాదు.