కువైట్ లెక్క

పెళ్లయిన కొత్తలో ప్రతి ఆడదానికీ ఒక జబ్బు చేస్తుంది. దాని పేరు ఖర్చుల పుస్తకం. అట్ట గట్టిగా ఉన్న లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని, స్కేలుతో గీతలు గీసి, పాలు, కూరలు, చాకలి, ఇతరములు అని తలకట్లు పెట్టుకుంటాం. పదో తారీకు దాకా చిల్లరతో సహా రాస్తాం. పదిహేనో తారీకు వచ్చేసరికి అన్నీ ఇతరములలోకి వెళ్లిపోతాయి. ఇరవయ్యో తారీకుకి ఆ పుస్తకం పిల్లవాడి రఫ్ నోట్సు అవుతుంది.

చాలామందికి ఏడాదిలో తగ్గిపోయే ఈ జబ్బు నాకు ఇరవై ఏళ్లయినా తగ్గలేదు. బి.ఏ.లో ఎకనామిక్సు చదివిన పాపం కాబోలు! "నవలలు రాసుకునేదానివి, ఉప్పూ పప్పూ లెక్కలు నీకెందుకోయ్?" అంటారు మావారు. నవలలో నాయిక జీతం ఎంతో, ఇంటద్దె ఎంతో నేనే నిర్ణయిస్తాను గనక అక్కడ ఎప్పుడూ లెక్క తప్పదు. తప్పేదల్లా ఇంట్లోనే. పైగా ఉండేది మదనపల్లెలో. మా ఊళ్లో లెక్క తప్పడానికి టమోటా ఒక్కటి చాలు. 2023 జులై ఆఖర్లో మా మార్కెట్టులోనే కిలో రెండు వందల దాకా పోయింది. అదే టమోటా ఇంకోసారి కోతకూలి కూడా గిట్టక రోడ్డు పక్కన గుట్టలు పడి ఉంటుంది. ఆ గుట్టలు చూస్తూ ఏ ఇల్లాలు బడ్జెట్టు వెయ్యగలదు చెప్పండి?

అలాంటి నా పుస్తకాన్ని నమ్మి, మొన్న కార్తీకమాసంలో ఒక మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఒకప్పుడు మా ఇంట్లో నాలుగేళ్లు పనిచేసింది. 2013లో కువైట్ వెళ్లింది. మధ్యలో మూడేళ్లకోసారి సెలవు మీద వచ్చి నెల రోజులుండి పోయేది. ఈసారి సెలవు మీద కాదు, వచ్చేసింది. వాళ్ల వీధిలో ఇప్పుడామెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ 'కువైటక్క'. నేనూ అలాగే రాస్తాను.

చేతిసంచీలోంచి ఒక టాంగ్ డబ్బా, ఒక యాక్స్ ఆయిల్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత రబ్బరు బ్యాండు వేసిన పెద్ద ప్లాస్టిక్ కవరు. దాన్నిండా డబ్బు పంపించిన రశీదులు.

"నువ్వు లెక్క బాగా రాస్తావు గదమ్మా. నాది గూడా రొవంత ఏసి పెట్టు. పన్నెండేండ్లు నేను ఆడ ఎంత తిన్నానో, ఈడ ఎంత తిన్నారో తెలవల్ల" అంది.

"తెలిసి ఏం చేస్తావు?"

"మళ్లా పోవాల్నా వద్దా అని తెలుస్తుంది గదమ్మా."

కాఫీ కలుపుకొచ్చి కొత్త పేజీ తీశాను.

మొదటి ఖర్చు విమానం ఎక్కకముందే ఉంది. ఏజెంటుకు ఎనభై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి గల్ఫు పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. ఈమెకు అప్పటికి ముప్పై రెండు. మొగుడు బెంగుళూరుకు పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కూతురికి ఏడేళ్లు. పుంగనూరులో తమ్ముడి ఇంట్లో దాన్ని వదిలి పోయింది.

జీతం మొదట్లో యాభై దినార్లు. 2016లో అక్కడి ప్రభుత్వం ఇంటిపనివాళ్లకు అరవై దినార్లకు తగ్గకూడదని నిర్ణయించాక అరవై అయింది. తర్వాత ఎనభై, చివరి మూడేళ్లు నూట పది. అన్నీ కూడితే పది వేల ఎనిమిది వందల దినార్లు. దినారుకు రెండొందల పదో ఎంతో ఉన్నప్పటి నుంచి రెండొందల డెబ్బై దాటిందాకా రశీదుల మీద రేటు మారుతూనే ఉంది.

ఇక్కడ నా ఎకనామిక్సు ఆగలేదు. 1961లో సొంత దినారు వచ్చేదాకా కువైట్‌లో చెలామణి అయింది మన రూపాయేనని ఆమెకు చెప్పాను. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు కోసమే వేరుగా నోట్లు అచ్చువేసింది. దినారు పుట్టిన రోజు దాని విలువ పదమూడు రూపాయల ముప్పైమూడు పైసలు. ఆమె కాసేపు ఆలోచించింది.

"అంటే అప్పుడు పోయుంటే నాకు నెలకు ఎంతొచ్చుండునమ్మా?"

"అరవైకి ఎనిమిది వందలు."

"ఆ కాలంలో ఎనిమిది వందలంటే తాసిల్దారు జీతం గదా!" అని నవ్వింది. నిజమే గావచ్చు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

సరే, అక్కడ బతకడానికి ఎంతవుతుంది? నవలలు రాసేదాన్ని గదా, అద్దె దగ్గర మొదలుపెట్టాను. అద్దె సున్న. సేటు ఇంట్లోనే, ఇస్త్రీ బల్ల, బియ్యం మూటలు పెట్టే గదిలో పరుపు. తిండి సున్న. వాళ్లు తిన్నాక మిగిలింది, లేదంటే ఖుబ్బూసు. ఖుబ్బూసంటే మన రొట్టె లాంటిదే, ప్యాకెట్టు యాభై ఫిల్సు. వెయ్యి ఫిల్సులు ఒక దినారు. వాన అంతగా పడని దేశం, అయినా ఇరవై నాలుగు గంటలూ కొళాయిలో నీళ్లు, అవన్నీ సముద్రపు నీళ్లలో ఉప్పు తీసినవి. నీళ్ల ట్యాంకరు కోసం మన వీధిలో బిందెలు పెట్టుకుని నిలబడినప్పుడల్లా ఆమెకు ఆ కొళాయి గుర్తొస్తుందట.

మరి బయట గదుల్లో ఉండేవాళ్లో? ఆమె స్నేహితురాలు ఒకావిడ సేటు ఇంట్లో దెబ్బలకు తాళలేక బయటికి వచ్చేసింది. అలా వచ్చినవాళ్లను మనవాళ్లు అక్కడ 'ఖల్లివల్లి' అంటారు. అకామా ఉండదు, పాసుపోర్టు సేటు దగ్గర. అయిదుగురు ఆడవాళ్లు ఒక గది తీసుకుని, ఒక్కొక్కరు పాతిక దినార్లు అద్దె. బస్సు, గ్యాసు, కూరలు. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికి భయం. విదేశీయులకు ఆసుపత్రి ఫీజులు కూడా 2017 అక్టోబరు నుంచి పెంచారు. ఇంటింటికీ తిరిగి పనిచేస్తే నూట యాభై దాకా వచ్చేదట గానీ, చేతిలో మిగిలేది ఈమెకు మిగిలినంతే. 2018లో క్షమాభిక్ష పెట్టినప్పుడు అవుట్‌పాసు మీద ఆవిడ వచ్చేసింది. "ఒక సూట్‌కేసు గూడా లేకుండా, చెప్పుల్తో వచ్చిందమ్మా" అంది కువైటక్క.

సూట్‌కేసు మాట వినగానే నాకు చిన్నతనం గుర్తొచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు నేను చిన్నదాన్ని. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షా డెబ్బై వేల మంది దాకా మనవాళ్లను తెచ్చారు. మా వీధిలో దిగిన ఒకాయన దగ్గర ఒక దుప్పటి, ఒక ఖాళీ ఫ్లాస్కు ఉన్నాయి. వారం రోజులు వీధంతా ఆయన్ను చూడ్డానికి వెళ్లాం. మరుసటి ఏడాదే ఆయన మళ్లీ వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో అప్పుడు తెలియలేదు.

"నీ కోసం నువ్వేం ఖర్చు పెట్టుకున్నావు?" అని అడిగాను.

పంపింది పది వేల దినార్లు, రశీదులున్నాయి. మిగిలిన ఎనిమిది వందలు పన్నెండేళ్లకు పంచితే నెలకు అయిదున్నర దినార్లు. ఫోను రీఛార్జి, కొబ్బరినూనె, డబ్బు పంపినప్పుడల్లా కమీషను, సెలవిచ్చిన శుక్రవారం బస్సు ఛార్జీ. ఆ తర్వాత సామాన్లు. తమ్ముడికి ఫోను, మరదలికి దుప్పటి, పాపకు బాదంపప్పు, నిడో డబ్బాలు.

"నీకు గూడా సెంటు తెచ్చినా గదమ్మా. నాలుగు దినార్లు."

ఏ నిష్ఠూరమూ లేకుండా, లెక్క పూర్తి కావాలని చెప్పింది. ఆ సెంటు సీసా నా బీరువాలో మూత తీయకుండా ఉంది. సెలవుకు వస్తున్నానని ఫోను చేసినప్పుడు "మంచి సెంటు ఒకటి పట్రావే" అన్నది నేనే. డబ్బిస్తానని కూడా అన్నాను. ఇచ్చానో లేదో గుర్తు లేదు. అంటే ఇవ్వలేదన్నమాట. కలం పట్టుకుని కాసేపు అలాగే కూర్చుని, చివరికి 'ఇతరములు' కింద రాశాను. ఇరవై ఏళ్ల అలవాటు!

ఇక ఈ దేశం ఖర్చు. రశీదుల మీద ఇరవై నాలుగు లక్షల పైచిలుకు. ఏజెంటు అప్పు వడ్డీతో లక్షా ముప్పై వేలు. తల్లి ఆపరేషను. చెల్లెలి పెళ్లి అయిదు లక్షలు. తమ్ముడికి ఆటో, అది పాడైతే ఇంకో ఆటో. పుంగనూరులో ఇల్లు తొమ్మిది లక్షలు, రిజిస్ట్రేషను నాడు సంతకం పెట్టడానికి ఈమె ఊళ్లో లేదు గనక తమ్ముడి పేరు మీద. సుగుటూరు గంగమ్మ జాతరకు ఏటా ఈమె పేరున పొట్టేలు. "నువ్వు అడిగినావా?" అంటే, "లేదమ్మా, అక్క సల్లగుండల్లని వాడే కొడతాడు" అంది. పొట్టేలు ధర మాత్రం అక్క పంపాలి.

వీధిలో ఇంకో ధర. ఆటో వాడు అందరికీ ముప్పై అయితే ఈమెకు యాభై. గాజుల అంగడాయన బేరమాడితే "కువైట్ దుడ్లు ఏం చేసుకుంటావక్కా?" అంటాడు. చీటీపాట, చందా, పెళ్లి చదివింపు, అన్నిట్లోనూ ఈమె వంతు రెండింతలు. కువైట్‌లో నెలకు అయిదున్నర దినార్లతో బతికిన మనిషికి పుంగనూరులో నెలకు పదిహేను వేలు చాలడం లేదు. ఇప్పుడు చేతిలో నలభై వేలూ రెండు గాజులూ ఉన్నాయి. కుప్పంలో నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్న కూతురికి ఇంకా కట్టాల్సింది డెబ్బై వేలు.

తమ్ముడి మీద నాకు కోపం వచ్చింది. వాడు చదువుకున్నది తక్కువైనా మాట తెలిసినవాడు. ఆ మధ్య అక్క ఇంటి సంగతి ఎత్తితే, "పాపను పన్నెండేండ్లు సాకినాం. జొరమొస్తే ఎత్తుకోని తిరిగినాం. దానికి రశీదులుండాయా అక్కా?" అన్నాడట. ఆ మాట విన్నాక నా కోపానికి నిలువ నీడ దొరకలేదు.

గాజులు అమ్మనని ఆమె, అప్పు కాదు సెంటు బాకీ అని నేను, కాసేపు వాదులాడుకుని, ఎలాగో డెబ్బై వేలు పోగుచేసి ఇద్దరం కుప్పం బస్సెక్కాం. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం గదా, కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్న టికెట్టు కొట్టిచ్చాడు. ఆమె ఆ టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి రశీదుల కవరులో పెట్టుకుంది.

దారిలో నాకు మా బి.టి. కాలేజీ సంగతి గుర్తొచ్చింది. ఐర్లండు నుంచి 1915లో ఈ దేశం వచ్చిన దంపతులు, జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్, ఆ కాలేజీలో ఉన్నారు. 1919లో ఠాగూరు వచ్చి జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి మార్చుకుంటే, బాణీ కట్టడంలో సాయం చేసింది మార్గరెట్. పరదేశం నుంచి మా ఊరికి బతకడానికి వచ్చినావిడను ఊరు నూరేళ్లుగా తలుచుకుంటోంది. మా ఊరి నుంచి పరదేశం పోయినావిడను అక్కడ 'ఖద్దామా' అంటారు, పనిమనిషి అని. ఇక్కడేమో కువైటక్క. సొంత పేరు రెండు చోట్లా లేదు.

కాలేజీ దగ్గర కూతురు ఎదురొచ్చింది. తల్లి కంటే పొడుగు. మాకు కుర్చీలు తెచ్చి వేసింది.

"మీరు కూర్చోండి, నేను ఫీజు కట్టేసి వస్తా" అంది.

ఆ మాట నాతో అన్నదనుకున్నాను. కాదు, చూపు తల్లి వైపే ఉంది. మా వైపు కన్నతల్లిని 'మీరు' అనేవాళ్లను నేను చూడలేదు. ఎంత చదివినా, ఎంత వయసొచ్చినా 'నువ్వు'. వాళ్ల అత్తను ఆ అమ్మాయి ఫోనులో "నువ్వు తిన్నావా?" అని అడగడం మేము దిగీ దిగగానే విన్నాం.

"ఏంమే, నన్ను మీరంటాండావు?" అంది కువైటక్క నవ్వుతూనే.

ఆ పిల్ల సిగ్గుపడింది. "ఫోన్లో అలవాటు కాలేదు మా" అంది. ఫోనులో వారానికి పది నిముషాలు మాట్లాడేవాళ్లు. అందులో సగం "ఆ... ఆ... సరే" అనే. నిజానికి పిల్లను అక్కడికి తీసుకెళ్లే దారి ఈమెకు ఎప్పుడూ లేదు. 2024లో కువైట్ కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు కనీసం ఎనిమిది వందల దినార్ల జీతం ఉండాలన్నారు. ఈమె పన్నెండేళ్లలో తన కోసం ఖర్చు పెట్టుకున్న మొత్తం అంత!

ఫీజు రశీదు తెచ్చి కూతురు తల్లికిచ్చింది. తల్లి సంచీలోంచి చెనక్కాయల పొడి, నిప్పట్ల డబ్బా తీసి ఇచ్చింది. ఆ పిల్ల అక్కడే డబ్బా తెరిచి ఒకటి కొరికి, "ఇవి మీరు... నువ్వు చేసినావా?" అంది. రెండు మాటలూ ఒకే నోట.

"మళ్లీ పోతావా?" అని బస్సులో అడిగాను. పాసుపోర్టుకు ఇంకా రెండేళ్లు గడువుందట. పాత సేటు కూతురు ఫోను చేస్తోంది, నూట ముప్పై ఇస్తామంటున్నారు. ఈమె ఏమీ చెప్పలేదు, కిటికీలోంచి వి.కోట సంత చూస్తూ కూర్చుంది.

పుంగనూరు బస్టాండులో బస్సు పది నిముషాలు ఆగింది. ఆమె దిగాల్సింది అక్కడే. తమ్ముడి ఆటో బయటే ఉంది, వాడూ చెయ్యి ఊపాడు. ఆమె కిటికీలోంచి "రేపొస్తా పోరా" అని చెప్పి, సంచీ ఒళ్లోకి లాక్కుని సర్దుకుని కూర్చుంది.

"ఈ రాత్రికి మీ ఇంట్లోనే పడుకుంటా మా. పొద్దున్నే లెక్క ఇంకోసారి ఏద్దాం. నిడో డబ్బాలు మనం ఆరే రాసినాం. ఎనిమిది అవి."