వదినా, పడవకి ఏ మెషీన్?

పప్పు పొయ్యి మీద పెట్టొచ్చావా వదినా? అయితే కాసేపు నిలబడు. మీ చిన్నాడు పడవ చేస్తాడటగా! వేసవొస్తే అర్పా నదిలో ఇసక తప్ప ఏముంటుందిరా అంటే, “రతన్‌పూర్ దగ్గర ఖూటాఘాట్ డ్యాముందిగా అత్తా” అన్నాడు. ముందు అక్కడివాళ్లని అడిగి ఒప్పించుకోమను.

నిన్న మీ అన్నయ్యని కూర్చోబెట్టి ఫోన్లో వెల్డింగ్ మెషీన్లన్నీ చూపించాడు. ఆయన సర్వీసంతా పట్టాలకి థెర్మిట్ అతుకులు వేసిన మనిషి. ఇనప ఆక్సైడూ అల్యూమినియం పొడీ కలిపి రగిలిస్తే, కరిగిన ఉక్కు మూసలోకి దిగి రెండు పట్టాలూ ఒకటవుతాయి. దానికి కరెంటే అక్కర్లేదు. “పడవల సంగతి నాకేం తెలుసురా” అంటూనే గంటసేపు చెప్పారు!

వాడి మనసు అల్యూమినియం మీదుంది. తేలికే, కాదనను. కానీ ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద పట్టే ఆక్సైడు పొర కరగాలంటే రెండువేలు దాటాలి. పొరని వదిలించాలంటే ఏసీ ఇచ్చే టిగ్ మెషీన్ ఉండాలి, ఆర్గాన్ సిలిండరుండాలి, చెయ్యి తిరిగుండాలి. కొత్తవాడి చేతిలో రేకు జల్లెడే. మా నరసాపురంలో సఖినేటిపల్లికి బళ్లనీ జనాన్నీ దాటించే పంటు ఇనపది కాదూ? ఇనుమే చాలు. బరువొకటే బాధ. మూడు మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకి 23 కిలోల పైనే, ట్రాలీ లేకుండా కదలదు.

ఇనుమనుకున్నాక మిగ్గా, ఆర్కా? పల్చటి రేకుకి మిగ్ సుఖమే. కానీ మీ పెరట్లో వడగాలి కొడితే అతుకుని కాపాడాల్సిన గ్యాసు కాస్తా ఎగిరిపోయి, లోపలంతా బుడగలు. నన్నడిగితే 200 ఆంపియర్ల ఇన్వర్టర్ ఆర్క్ మెషీనే. చేత్తో మోసుకుపోవచ్చు, సింగిల్ ఫేజు చాలు. పాత రాగిచుట్ట మెషీన్ చవగ్గా వచ్చినా రెండు ఫేజులడుగుతుంది, నలుగురు మొయ్యాలి. ఇన్వర్టరు కొనేటప్పుడు “అరవై శాతం” అని రాసుంటే ఎన్ని ఆంపియర్ల దగ్గరో చూడమను. పది నిమిషాల్లో ఆరు వెలిగించి నాలుగు చల్లారనివ్వాలని దానర్థం. అన్నట్టు, క్వార్టర్ ఫ్యాన్ ప్లగ్గులో మాత్రం పెట్టనివ్వకు! సన్నటి వైరు పొడుగ్గా లాగినా ఆర్క్ నిలవదు.

రాడ్డు సంగతే అసలు సంగతి వదినా. 7018 గట్టిదని ఎవరో ఎక్కించారట. వానల్లో అది తేమ పీల్చిందంటే మూడొందల డిగ్రీలు దాటే ఓవెన్లో మళ్లీ కాల్చాలి, మన కేకుల ఓవెన్ అంత వేడెక్కదు. చెరువు పడవకి 6013 చాలు, రెండున్నర సైజుది, అరవై నుంచి తొంభై ఆంపియర్లు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొడిగా దాచాలి.

ఇక మరీ కంగారు పడకూడదు. ఒక చివర మొదలెట్టి గీత గీసినట్టు లాగితే రేకు వంకర పోతుంది. దూరదూరంగా చుక్కలు వేసి, ఇటు కాస్త అటు కాస్త నింపుకు రావాలి. ఆఖర్న నీళ్లలో దించేముందు అతుకుకి ఒక పక్క సున్నం పూసి ఆరనిచ్చి, రెండో పక్క కిరోసిన్ రాయాలి. సూదిమొన చిల్లున్నా సున్నం మీద మరక తేలుతుంది. మెషీన్ ఖరీదెంతైనా ఈ పరీక్ష తప్పదు.

జింకు పూత రేకు చవగ్గా వస్తుందని తెస్తాడేమో, వద్దను, దాని పొగకి జ్వరాలొస్తాయి. అయ్యో, నీ కుక్కరు కూస్తోంది, వెళ్లు! సాయంత్రం వాణ్ణి పంపు, తుక్కు రేకు మీద ఆయన చెయ్యి పట్టి నేర్పిస్తారు. నూలు చొక్కా వేసుకు రమ్మను, ఆ మెరుపుల టీషర్టు వద్దు.